ధమ్మాన్ని ఎవరికి, ఏ విధంగా చెప్పాలి?

(బుద్ధ పూర్ణిమ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ‘సమ్యక్ వాచ’ అనే విషయాన్ని ఇచ్చారు. అబద్ధం ఆడరాదు, చాడీలు చెప్పరాదు, పరుషంగా మాట్లాడరాదు, పొల్లుమాటలతో కాలం వృథా చేయరాదు. ఈ నాలుగూ మీరు ఎరిగినవే గనుక వాటిని మరల వివరించను. వాటికి ముందు ఉన్న ఒక ప్రశ్నను గూర్చి మాట్లాడదలచాను. చెప్పవలసిన మాట సత్యమైనదే, మంచిదే అనుకుందాం. దానిని ఏ దారిన పంపాలి? రాసి పంపాలా, ఫోనులో చెప్పాలా, సభ పెట్టి వినిపించాలా, గుమ్మం ముందుకు వెళ్లి కూర్చోవాలా? ఏ భాషలో చెప్పాలి? ఈ సంవత్సరం మన సంఘంలో నడుస్తున్న చర్చ కూడా ఇదే. మన చేతిలో ఉన్నది కొద్ది డబ్బు, కొన్ని ఆదివారాలు. వాటిని కరపత్రాలకు ఖర్చు పెట్టాలని కొందరు, ఫోను సందేశాలు చాలునని కొందరు, ఇంటింటికీ వెళ్లాలని మరికొందరు అంటున్నారు. నేను మూడవ పక్షం వాడిని. ఎందుకు అయ్యానో చెబుతాను.

ధమ్మదీక్ష స్వీకరించిన వారంలోనే నేను మా అమ్మకు ఉత్తరం రాశాను. ఉద్యోగం కోసం ఢిల్లీకి వచ్చిన కొత్త రోజులవి. మాది కర్నూలు జిల్లా, పత్తికొండ వైపు ఒక పల్లె. ఆ ఉత్తరం పూర్తి చేయడానికి మూడు రాత్రులు పట్టింది. నాలుగు ఆర్యసత్యాలు, అష్టాంగ మార్గం, ప్రతీత్య సముత్పాదం, కుల నిర్మూలన, అన్నీ అందులో ఉన్నాయి. ఇప్పుడు మీ ముందు మాట్లాడుతున్న ఈ పుస్తక భాషలోనే ఏడు పేజీలు నింపాను. అమ్మకు చదువు రాదని నాకు తెలియక కాదు. ఎవరో ఒకరు చదివి వినిపిస్తారులే అనుకున్నాను. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది మాత్రం ఆలోచించలేదు.

ఉత్తరం చేరిన రోజున మా పేటలో చదువుకున్న పిల్లలు ఎవరూ లేరు. అమ్మ దానిని పట్టుకుని ఊళ్లోకి వెళ్లింది. ఒక పెద్దమనిషి అరుగు మీద కూర్చుని, అమ్మను కింద నిలబెట్టి, నలుగురి ముందు బిగ్గరగా చదివాడు. అర్థం కానివి దాటవేశాడు. నవ్వు వచ్చిన చోట ఆగి నవ్వాడు. చివరకు, నీ కొడుకు దేవుళ్లను వద్దన్నాడు, నీకు తలకొరివి కూడా పెట్టడు అని తన మాటను నా ఉత్తరంలో కలిపి వినిపించాడు. అమ్మకు గుర్తున్నది ఆ ఒక్క మాటే. ఏ అరుగుల ముందు నిలబడవలసిన గతి పోవాలని నేను దీక్ష తీసుకున్నానో, ఆ అరుగు ముందే ఆ వార్త కోసం మా అమ్మ నిలబడింది. ఆ పెద్దమనిషిని చాలా కాలం తిట్టుకున్నాను. కాని దారిని ఎంచుకున్నది నేను.

మా పల్లెకు అంత దూరంలో లేని ఎర్రగుడిని గూర్చి నాకు అప్పటికి తెలియదు. ఢిల్లీ గ్రంథాలయాలలో చదివిన తరువాతే తెలిసింది. గుత్తి నుండి పత్తికొండకు వెళ్లే దారిలో ఉన్న ఆ గుట్ట మీద అశోకుని పద్నాలుగు శిలాశాసనాలు, వాటితో పాటు లఘు శిలాశాసనం చెక్కబడి ఉన్నాయి. ఆ లఘు శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, కొన్ని కుడి నుండి ఎడమకు సాగుతాయి. చక్రవర్తి మాట కూడా చెక్కేవాని చేతిలో పడి ఎన్ని మెలికలు తిరిగిందో చూడండి! నన్ను నిలబెట్టివేసినది మాత్రం వేరొక విషయం. రాతి మీద చెక్కించి ఊరుకోలేదు అశోకుడు. దీనిని రాజుకుడనే అధికారికి తెలియజేయాలి, అతడు భేరి మోగించి జనపదంలోని ప్రజలకు తెలియజేయాలి అని ఆ రాతి మీదనే రాయించాడు. ఏనుగులు ఎక్కేవారికి, లేఖకులకు, బండ్లు తోలేవారికి ఎవరెవరి ద్వారా చెప్పించాలో కూడా సూచించాడు. కళింగ దేశంలోని ధౌలి, జౌగడ శాసనాలలోనైతే, తిష్యా నక్షత్రం నాడు వీటిని చదివి వినిపించాలని, నడుమ రోజులలో కూడా వినిపించవచ్చునని, వినేవాడు ఒక్కడే అయినా వినిపించాలని ఆదేశం ఉంది. వినడానికి వచ్చినవాడు ఒక్కడే అయినా సరే! చదవలేని ప్రజలకు రాసి పెడుతున్నానని ఆయనకు తెలుసు. అందుచేత రాతకు తోడుగా గొంతును ఏర్పాటు చేశాడు. నా ఏడు పేజీలకు అటువంటి ఏర్పాటు ఏదీ లేదు.

భేరి అన్న మాట చదవగానే నాకు మా తాత గుర్తుకు వచ్చాడు. ఆయన ఊరి చాటింపువాడు. శిస్తు గడువు, జాతర తేదీ, పంచాయితీ కబురు, ఏదైనా ఆయన తప్పెట మోగితేనే ఊరికి తెలిసేది. పెద్ద ఇళ్లలో చావు జరిగితే పొరుగూళ్లలోని బంధువులకు కబురు మోసుకుని కాలినడకన వెళ్లేది కూడా ఆయనే. కూలి అడిగే హక్కు లేని వెట్టి అది. ఊరి మాటలన్నీ మోసిన ఆ మనిషికి ఊరితో చెప్పుకోవడానికి తన మాట ఒక్కటీ లేకపోయింది. బాబాసాహెబ్ 1920 జనవరి 31న ప్రారంభించిన పత్రికకు ‘మూక్‌నాయక్’ అని పేరు పెట్టారు. మూగవారి నాయకుడని దాని అర్థం. మా తాత మూగవాడు కాదు. ఊరంతటిలోకీ పెద్ద గొంతు ఆయనది. గొంతు ఉండి మాట లేకపోవడం కూడా మూగతనమే కదా. ఎర్రగుడి గుట్ట మీదనే ఉన్న నాలుగవ శిలాశాసనంలో, భేరీఘోషం ఇప్పుడు ధర్మఘోషమయినదని అశోకుడు చెప్పుకున్నాడు. మా తాత తప్పెటకు ఆ భాగ్యం కలగలేదు. అందుకే, ఇతరుల మాటలను ఒకచోటి నుండి మరొకచోటికి మోయడమే ధమ్మ ప్రచారం అని ఎవరైనా అంటే నాకు మనసు ఒప్పుకోదు.

ఇక మనం నివసిస్తున్న ఈ నగరానికి వద్దాం. ఫిరోజ్ షా కోట్లాలో నిలబడి ఉన్న అశోక స్తంభాన్ని మీలో చాలామంది చూసి ఉంటారు. నేటి హరియాణాలోని తోప్రా గ్రామం నుండి, నలభై రెండు చక్రాల బండి మీద దానిని యమున దాకా తెచ్చి, పడవల మీద ఢిల్లీకి చేర్చిన వైనాన్ని ఆ కాలపు చరిత్రకారుడు రాసి ఉంచాడు. అంత శ్రమపడి తెచ్చిన సుల్తానుకు గాని, ఆయన పిలిపించిన పండితులకు గాని దాని మీద ఏమి రాసి ఉన్నదో తెలియలేదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిని ఛేదించే వరకు అది మూగ స్తంభమే. రాత నిలుస్తుంది, నిజమే. చదివి వినిపించే పరంపర తెగిపోతే నిలిచినా పలకదు.

ఆ స్తంభం మీద ఉన్న ఏడవ శాసనం మరే స్తంభం మీదా లేదు. పట్టాభిషేకమైన ఇరువది ఏడవ సంవత్సరంలో, అంటే పాలన చివరి దశలో, అశోకుడు తాను చేసిన పనులన్నింటినీ వెనుదిరిగి చూసుకుంటూ రాయించినది అది. ప్రజలలో ధర్మం పెరగడానికి రెండు మార్గాలు అవలంబించానని అందులో చెప్పాడు. ఒకటి ధర్మ నియమం, అంటే ఇది చేయరాదని విధించడం. ఫలానా జంతువులను చంపరాదన్న ఆజ్ఞ వంటిది. రెండవది నిఝతి, అంటే మనిషి తనంతట తాను తలపోసి ఒప్పుకునేటట్లు చేయడం. ఈ రెండింటిలో నియమం వలన కలిగినది కొంచెమేనని, నిఝతి వలన కలిగినదే ఎక్కువని ఆయన నిర్ణయం. ఆజ్ఞాపించే అధికారం ఆసేతు హిమాచలం దాదాపుగా ఉన్న మనిషి, ఆజ్ఞ కంటె ఒప్పించడమే ఎక్కువ పని చేసిందని ఒప్పుకున్నాడు. ఏ అధికారమూ లేని మనం మన ఇళ్లలో చేస్తున్నది ఏమిటి? ఇరువది రెండు ప్రతిజ్ఞలను పటం కట్టి గోడకు తగిలిస్తాం. ఊరి నుండి వచ్చిన అత్తగారు పెట్టెలో నుండి దేవుడి పటం తీయబోతే గోడ వైపు చూపిస్తాం. ఆ ప్రతిజ్ఞలను నేను తక్కువ చేయడం లేదు. నేను నిలబడినది వాటి మీదనే. గోడకు చూపుడువేలు చూపడం మాత్రం సంభాషణ కాదు.

మాటల ఎంపికలో కూడా ఇదే చిక్కు ఉన్నది. 1958లో కాందహార్‌లో అశోకుని శాసనం ఒకటి గ్రీకు, అరామిక్ భాషలలో దొరికింది. అక్కడి గ్రీకువారికి ధర్మం అన్న పదాన్ని యథాతథంగా అందించలేదు. భక్తిశ్రద్ధలను తెలిపే ‘యూసెబీయా’ అన్న వారి మాటనే వాడారు. అర్థం కొంత మారకపోలేదు, అయినా వినేవాని చెవిలో ఉన్న మాటతో మొదలుపెట్టారు. మన తెలుగులో చూడండి. రైల్వే స్టేషనులో బిచ్చగాడు ధర్మం చేయండి బాబూ అంటాడు. ఊరిపెద్ద కులధర్మం తప్పకూడదంటాడు. ఆ మాటలను విని పెరిగిన తల్లి దగ్గరకు వెళ్లి ధమ్మం స్వీకరించాను అంటే ఆమె ఏమని గ్రహిస్తుంది? మన తల్లులతో మాట్లాడేటప్పుడు ‘మంచి నడత’ అన్న మాటతో మొదలుపెడితే నష్టం లేదని నా అభిప్రాయం. పాళీ పదం తరువాత వస్తుంది. త్రిశరణాలను పాళీలో పలకడం మానమని కాదు. ప్రపంచంలోని బౌద్ధులందరితో మనలను కలిపే దారం అది.

తథాగతుని దగ్గరకే ఈ సమస్య వచ్చినట్లు వినయ పిటకంలోని చుల్లవగ్గ చెబుతున్నది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఇద్దరు సోదర భిక్షువులు, రకరకాల కులాల నుండి వచ్చినవారు తమ తమ మాటలలో బుద్ధవచనాన్ని పాడుచేస్తున్నారని, దానిని వైదిక ఛందస్సులోనికి మార్చడానికి అనుమతి ఇవ్వమని కోరారు. భగవానుడు వారిని మందలించి నిరాకరించాడు. ఎవరి నుడిలో వారు నేర్చుకోవచ్చునని అనుమతించాడు. ఆ వాక్యానికి వ్యాఖ్యాతలు వేరు వేరు అర్థాలు చెప్పారు, ఆ వాదంలోకి నేను పోను. కొద్దిమంది చేతిలో ఉండిపోయే భాషకు ధమ్మాన్ని అప్పగించలేదన్న సంగతి స్పష్టంగానే ఉన్నది.

భాష సరే, చేదు మాట చెప్పవలసి వచ్చినప్పుడో? మజ్ఝిమ నికాయంలో అభయ రాజకుమారుడు బుద్ధుని ఇరకాటంలో పెట్టాలని వచ్చి, ఇతరులకు అప్రియమైన మాట మీరు పలుకుతారా అని అడుగుతాడు. ఔనన్నా కాదన్నా చిక్కే. రాకుమారుని ఒడిలో పసిబిడ్డ ఉన్నాడు. ఈ బిడ్డ పుల్లనో రాతిపెళ్లనో నోట్లో పెట్టుకుంటే ఏమి చేస్తావని బుద్ధుడు తిరిగి అడిగాడు. నెత్తురు వచ్చినా సరే వేలు పెట్టి తీసివేస్తాను, బిడ్డ మీది దయ వలన, అన్నాడు అభయుడు. సత్యమై, మేలు చేసేదై ఉంటే అప్రియమైన మాట కూడా తథాగతుడు చెబుతాడు, అయితే దానికి తగిన సమయం ఎరిగి చెబుతాడు అన్నది అక్కడి బోధ. ఈ కథలో మనం సాధారణంగా గమనించని విషయం ఒకటి ఉన్నది. బిడ్డ ఒడిలో ఉన్నాడు. దూరాన ఉన్న బిడ్డ నోట్లోని రాయిని ఎవరూ ఉత్తరం రాసి తీయలేరు.

ఉత్తరం వెళ్లిన తరువాత ఎనిమిది నెలలకు సెలవు దొరికి ఊరికి వెళ్లాను. అమ్మ మూడు రోజులు ఏమీ అడగలేదు. నాలుగవ రోజు తెల్లవారుజామున పొయ్యి ముందు కూర్చుని, నా వైపు చూడకుండానే, ‘కులం మార్చుకుంటివంట గదరా’ అన్నది.

‘మార్చుకోలేదమ్మా, వదిలేశాను.’

‘నువ్వు వదిలేస్తే వాళ్లు వదిలినారా?’

నా ఏడు పేజీలలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. నేను చదివిన పుస్తకాలలో ఉండే ఉంటుంది గాని ఆ క్షణాన నోటికి రాలేదు. లేదమ్మా, వాళ్లు వదలలేదు అన్నాను. మరి ఏమి మారిందిరా అని అడిగింది. ఆలోచించి ఉన్నది చెప్పాను. ఆఫీసులో ఎవరైనా మీరేమిటోళ్లు అని అడిగితే ఇదివరకు నా గొంతు తగ్గేది, ఇప్పుడు తగ్గడం లేదు. అమ్మ చాలాసేపు పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ కూర్చున్నది. తరువాత తను అసలు అడగదలచుకున్నది అడిగింది. ‘నేను పోతే వస్తావా, రావా?’ వస్తానమ్మా, నా భుజం మీదనే వెళ్తావు అన్నాను. ఎనిమిది నెలలు ఆ ఒక్క ప్రశ్నను కడుపులో పెట్టుకుని ఉన్నదామె. ఉత్తరంతో మాట్లాడడం కుదరదు. అది చెప్పి ఊరుకుంటుంది, తిరిగి అడగనివ్వదు. ఆమె దీక్ష తీసుకోలేదు. ఇప్పటికీ పెద్దమ్మకు పొంగలి పెడుతుంది. నాకు ఆ విషయంలో తొందర లేదు.

బాబాసాహెబ్ జీవితాన్ని ఈ దృష్టితో చూస్తే ఆయన ఎంత జాగ్రత్తగా దారులను ఎంచుకున్నారో బోధపడుతుంది. ప్రపంచంలోని పండితులతో వాదించవలసిన గ్రంథాలను ఆంగ్లంలో రాశారు. తన ప్రజలతో మాట్లాడవలసిన పత్రికలు మూక్‌నాయక్, బహిష్కృత్ భారత్, జనతా మరాఠీలో నడిపారు. 1956 మే నెలలో బౌద్ధం తనకు ఎందుకు నచ్చిందో బీబీసీ శ్రోతలకు ఆంగ్లంలో చెప్పారు. అదే సంవత్సరం అక్టోబరు 14న నాగపూర్‌లో చంద్రమణి మహాథేరో నుండి త్రిశరణ పంచశీలాలను పాళీలో స్వీకరించి, ఆ వెంటనే తన ప్రజల వైపు తిరిగి ఇరువది రెండు ప్రతిజ్ఞలను మరాఠీలో తానే పలికి వారిచేత పలికించారు. కరపత్రంగా పంచి ఇంటికి పంపలేదు. మరునాడు మళ్లీ వారి ముందు నిలబడి, తాను ఈ మార్గం ఎందుకు తీసుకున్నదీ, నాగపూర్‌నే ఎందుకు ఎంచుకున్నదీ విడమరచి చెప్పారు. ఆరోగ్యం అప్పటికే క్షీణించి ఉన్నది. మన ఊరిలోనే, 26 అలీపూర్ రోడ్డులో, డిసెంబరు 6న ఆయన పరినిర్వాణం చెందారు. ‘ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ’ మరుసటి సంవత్సరం గాని వెలువడలేదు. పుస్తకం పూర్తయి అచ్చయ్యేదాకా ఆగి, అది చూపించి దీక్ష ఇద్దామని ఆయన అనుకొని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

తెలుగు నేల మీద భాగ్యరెడ్డి వర్మ గారి ఉదాహరణ ఉన్నది. హైదరాబాదులో 1906లో జగన్మిత్ర మండలి స్థాపించినప్పుడు ఆయన చేపట్టిన సాధనం హరికథ. చదువు లేనివారి వాడలలో, వారికి అలవాటైన రూపంలో, సంస్కరణ విషయాలు వినిపించారు. చదువుకున్న ఒక తరం తయారయిన తరువాత, 1931లో భాగ్యనగర్ పత్రికను ప్రారంభించారు. ముందు చెవి, తరువాత కన్ను. తొందరపడి ఆ క్రమాన్ని తిప్పివేస్తే పత్రికను ఎవరు చదివి ఉండేవారు?

ఫోను సందేశాలను గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు. సభ తేదీ, చిరునామా, మెట్రో స్టేషను పేరు తెలియజేయడానికి వాటిని మించిన సాధనం లేదు. ఈ రోజు మీరు ఇక్కడికి వచ్చినది వాటి వల్లనే. అయితే ప్రతి ఉదయం బుద్ధుని బొమ్మ పక్కన ఒక సూక్తి అతికించి వందమందికి పంపుతున్నవారిని వినయంగా అడుగుతున్నాను: అందులో ఎన్ని ఆయన నిజంగా చెప్పినవి? పంపేవారు సరిచూడరు, అందుకున్నవారు చదవరు. ఇది మా తాత మోసిన వెట్టికి మరో రూపం. తేడా ఏమిటంటే మనం ఇష్టపడి మోస్తున్నాం. దీక్ష తీసుకున్న ఒక యువకుడు ఆ సంగతి తల్లిదండ్రులకు కుటుంబ గ్రూపులో ఒక ఫోటో పెట్టి తెలియజేశాడని మొన్న విన్నాను. మూడు రాత్రులు మేలుకొని ఉత్తరం రాసిన వాడిని నేనే నయం అనుకోవలసి వచ్చింది!

కనుక నా ప్రతిపాదనలు చెబుతాను. కరపత్రాల కోసం కేటాయించిన డబ్బులో సగం ప్రయాణ ఖర్చులకు ఇవ్వండి. ద్వారకలోనో ఘజియాబాద్‌లోనో ఒంటరిగా ఉన్న తెలుగు కుటుంబం ఇంటికి ఆదివారం ఇద్దరు వెళ్లాలి. ఆ ఇద్దరిలో ఒకరు స్త్రీ అయి ఉండాలి, ఎందుకంటే ఇంట్లోని అత్తగారు మగవారి ముందు తన అసలు ప్రశ్న అడగదు. వెళ్లినవారు మొదటి గంట చెప్పడానికి కాక వినడానికి కేటాయించాలి. మన పిల్లలు హిందీలో ఆలోచిస్తున్నారు, దానికి బాధపడి ప్రయోజనం లేదు. బాబాసాహెబ్ గ్రంథానికి భదంత ఆనంద కౌసల్యాయన్ చేసిన హిందీ అనువాదం వారి చేతికి ఇవ్వండి. వారు చదివి అవ్వకు తెలుగులో చెప్పనివ్వండి. తప్పులు దొర్లుతాయి, దొర్లనివ్వండి. ఇక దీక్ష తీసుకోబోయే యువతీయువకులకు ఒక మనవి. ఊళ్లో ఉన్న తల్లికి ఆ వార్త మీ నోటితోనే, ఎదురుగా కూర్చుని చెప్పండి. టిక్కెట్టుకు డబ్బు లేకపోతే సంఘాన్ని అడగండి. దీనిని సంఘం తీర్మానంగా స్వీకరించాలని అధ్యక్షుల వారిని కోరుతున్నాను.

చివరిది మన ఢిల్లీకి చెందినది. దక్షిణ ఢిల్లీలో, ఈస్ట్ ఆఫ్ కైలాష్ దగ్గర, బహాపూర్ బండ మీద 1966లో అశోకుని లఘు శిలాశాసనం ఒకటి వెలుగులోకి వచ్చింది. మన ఎర్రగుడిలో ఉన్న మాటే ఇక్కడా ఉన్నది. రెండున్నర ఏళ్లకు పైగా ఉపాసకుడిగా ఉన్నానని, అయితే మొదట ఒక ఏడాది పాటు అంతగా పట్టుదల చూపలేదని అశోకుడు అందులో తనను గూర్చి తానే చెప్పుకుంటాడు. గొప్పవారే కాదు, చిన్నవారు కూడా పట్టుదల ఉంటే ఫలితం పొందగలరని అంటాడు. ఇతరులకు బోధించేముందు తన కొరతను బయట పెట్టుకోవడం చూడండి. వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు మనం అక్కడ కలుసుకుందాం. దాని భావాన్ని పిల్లలు హిందీలో, పెద్దలు తెలుగులో చదివి వినిపిస్తారు. ఒక్కరు వచ్చినా సరే చదువుతాం. ఎండ ముదరకముందే ముగిస్తాం, మంచినీళ్లు మాత్రం ఎవరివి వారు తెచ్చుకోండి.

 ప్రశ్నలు ఉన్నవారు అడగవచ్చు, భోజనాల వేళ దాకా ఇక్కడే ఉంటాను. నమో బుద్ధాయ. జై భీమ్.